లాంగ్‌రైఫిల్‌కు ఏ ప్రొఫైల్: లాంకాస్టరా, లీహైనా?

ప్రశ్న: పెన్సిల్వేనియాలో అలెన్‌టౌన్ దగ్గర స్థిరపడిన తెలుగువాణ్ని. సెలవు రోజుల్లో వడ్రంగం నా వ్యాపకం. బల్లలు, బీరువాలు చేసిన ధైర్యంతో ఇప్పుడు పాతకాలపు పద్ధతిలో, చెకుముకిరాయి నిప్పుతో పేలే ఒక ఫ్లింట్‌లాక్ లాంగ్‌రైఫిల్ చేయాలని పూనుకున్నాను. 0.45 అంగుళాల కాలిబర్ గల 42 అంగుళాల స్వాంప్డ్ బ్యారెల్ (నడుమ సన్నబడి మూతి దగ్గర మళ్లీ లావయ్యే గొట్టం), రెండున్నర అంగుళాల మందం గల కర్లీ మేపుల్ పలక కొన్నాను. నిప్పు పుట్టించి పేల్చే యంత్రమైన లాక్ ఇంకా కొనలేదు. నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, మెడ కొంచెం పొడవు. ఈ రాష్ట్రంలోని లాంకాస్టర్ కౌంటీ తరహా తేలికని కొందరంటున్నారు; నాకేమో ఇక్కడి లీహై తరహా మీద మనసుంది. డ్రాప్, అంటే వెనకకొయ్య కిందికి వాలే లోతు, ఎంత ఎక్కువైతే తుపాకీ అంత అసలుదిలా ఉంటుందని ఒక మిత్రుడు చెబుతున్నాడు. లీహై వంపుకు, భుజానికి ఆనే చివర బిగించే నెలవంకలాంటి లోతైన లోహపు బట్‌ప్లేటును, లాంకాస్టర్ వాళ్లు వెనకకొయ్య పక్కన సామాను దాచే అరకు పెట్టే డెయిసీ పువ్వు ప్యాచ్‌బాక్స్‌ను కలిపితే అందంగా ఉంటుందని నా ఊహ. మీ సలహా ఏమిటి?

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా సంతోషపెట్టిన మాట, లాక్ ఇంకా కొనలేదన్నది. ఈ పనికి దిగే చాలామంది ముందు కంటికి నచ్చిన ఇనుప, ఇత్తడి సామానంతా కొని, తర్వాత వాటన్నిటికీ సరిపడే కొయ్య రూపం కోసం వెతుక్కుంటారు. అది పెళ్లి పందిరి వేశాక సంబంధం వెతకడం వంటిది. మీ చేతిలో ఉన్నవి బ్యారెల్, పలక మాత్రమే కనుక, మీకు ఇంకా స్వేచ్ఛ మిగిలి ఉంది.

మొదట ప్రొఫైల్ అనే మాటను సరిచేసుకుందాం. పక్కనుంచి చూసినప్పుడు తుపాకీ మడమ (భుజానికి ఆనే వెనకభాగం) ఏ ఆకారంలో కనబడుతుందో అదే ప్రొఫైల్ అని కొత్తవారు అనుకుంటారు. నిజానికి అది గొట్టం మూతి దగ్గర మొదలై, ముందుకొయ్య అడుగు వెంట, లాక్ చుట్టూ ఉన్న చదునైన పలకల మీదుగా, చేత్తో పట్టుకునే చోటైన మణికట్టు సన్నదనంలోంచి దిగి, చెంప ఆనే పైగట్టు అయిన కోంబ్ మీదా, మడమ కింది గీత మీదా సాగి బట్‌ప్లేటు దగ్గర ముగిసే ఒకే రేఖ. ఈ రేఖలో ఏ ముక్కను మార్చినా తక్కిన ముక్కలు దానికి బదులు చెప్పాలి. పాత రైఫిళ్లు వేర్వేరు కౌంటీలలో వేర్వేరుగా కనబడటానికి కారణం కూడా ఇదే. గురువు దగ్గర శిష్యుడు ఒక్కొక్క కొలతను విడిగా నేర్చుకోలేదు, ఆ రేఖ మొత్తాన్ని చేతితోనూ కంటితోనూ నేర్చుకున్నాడు. పక్క ఊరి పనివాడు నేర్చుకున్న రేఖ వేరు.

ఈ తుపాకీ పుట్టుకను ఒక్కసారి తలచుకుంటే ఎంపిక సులువవుతుంది. జర్మన్ మాట్లాడే ప్రాంతాల నుంచి పెన్సిల్వేనియాకు వలసవచ్చిన పనివారు తమతో యేగర్ అనే వేటరైఫిల్ నమూనాను తెచ్చారు. దాని గొట్టం పొట్టిది, రంధ్రం పెద్దది, మడమ దళసరిది. ఇక్కడ గొట్టం 40 అంగుళాలు దాటి సాగింది, రంధ్రం క్రమంగా చిన్నదైంది, మడమ పలచబడింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి ముందటి రైఫిళ్ల మడమ వెడల్పు దాదాపు 2 అంగుళాలు, బట్‌ప్లేటు ఇంచుమించు చదును. యుద్ధం తర్వాత 1780ల నుంచి 1810ల వరకు సాగిన కాలాన్ని సేకర్తలు స్వర్ణయుగమంటారు. అప్పుడు మడమ సన్నబడి, బట్‌ప్లేటులో వంపు కొద్దికొద్దిగా పెరిగింది. మీరు చెప్పిన నెలవంక లోతు 19వ శతాబ్దం ముందుకు సాగినకొద్దీ వచ్చినది. మీరు కొన్న బ్యారెల్ 1790ల నాటి రైఫిల్‌కు చక్కగా నప్పుతుంది. కాబట్టి కాలాన్ని మీ తరఫున మీ బ్యారెల్ ముందే నిర్ణయించిందనుకోండి. ఇక మిగిలింది చోటు.

లాంకాస్టర్ తరహాలో కోంబ్ పైగీత తిన్నగా ఉంటుంది, మడమ కింది గీత కూడా తిన్ననే. రెండూ కలిసి మడమను ఒక పొడుగాటి త్రిభుజంగా చూపిస్తాయి. 1822లో మరణించిన జేకబ్ డికర్ట్ పనితనంలో ఈ పొందిక స్పష్టంగా కనబడుతుంది. తిన్నని గీత కనుక తేలిక అని మీకు చెప్పినవారి మాటలో సగం నిజముంది: గీయడం తేలిక, పరీక్షించడం తేలిక, స్కేలు ఆనించి చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. అయితే చేసిన తప్పు స్కేలు అక్కర లేకుండానే ఎదుటివాడికీ కనబడుతుంది. నా మొదటి రైఫిల్ లాంకాస్టర్ తరహాదే. ఆకురాయి చివర్లలో జారి కోంబ్ రెండు కొసలా అరిగిపోయి, మధ్యలో సన్నని మూపురంలా మిగిలింది; దాన్ని తిన్నగా చేయబోయి మొత్తం గట్టును తగ్గించాను, అది తగ్గాక చెంప ఆనలేదు. దానికి తోడు మణికట్టు విరిగిపోతుందేమోనన్న భయంతో అక్కడ చెక్కను దండిగా వదిలేశాను. ఆ తుపాకీ ఇప్పటికీ మా ఇంటి గోడకు ఉంది. దూరం నుంచి చూస్తే రోకలికి గొట్టం తగిలించినట్టుంటుంది.

లీహై తరహా అలా కాదు. కోంబ్ పైగీత మెల్లగా ఉబ్బి మడమ పైమూలవైపు వాలుతుంది. దీన్ని ఇక్కడివారు రోమన్ ముక్కు అంటారు. చిలుక ముక్కు పైవంపును కొంచెం సాగదీసి ఊహించుకుంటే మనకు బోధపడుతుంది. కింది గీత కూడా దానికి తోడుగా వంగుతుంది. మణికట్టు, మడమ కోణాలు తేలకుండా గుండ్రంగా ఒకదానిలోకి ఒకటి కరిగిపోతాయి. అలంకారంలో ఉబ్బెత్తు చెక్కడం కన్నా గీతచెక్కడం ఎక్కువ, కాబట్టి అందమంతా ఆకారమే మోయాలి. హెర్మన్ రప్, జాన్ మోల్, పీటర్ నైహార్ట్ ఈ వంపును నమ్ముకున్న పనివారు. ఒక చిన్న ముచ్చట: 1790లలో వీళ్లకు తాము లీహై వాళ్లమన్న సంగతే తెలియదు. నార్తాంప్టన్ నుంచి విడగొట్టి లీహై కౌంటీని ఏర్పరచింది 1812లో. మీ అలెన్‌టౌన్‌కు ఆ పేరు స్థిరపడింది 1838లో, అంతకుముందు అది నార్తాంప్టన్ పట్నం. ఈ తరహాల పేర్లన్నీ తర్వాతి సేకర్తలు పెట్టిన గుర్తులు. పనివారు వాటిని చూసి తుపాకీ చేయలేదు, మీరూ వాటిని చూసి చేయకండి.

దీన్నిబట్టి నా సలహా, బహుశా మీరు ఇతరుల దగ్గర విన్నదానికి విరుద్ధంగా, లీహై వైపే. కారణాలు మూడు ఉన్నా నిజంగా తూగేది మొదటిదే. మీరు ఆ తుపాకులు పుట్టిన నేల మీదే ఉన్నారు, అసలు వాటిని కళ్లారా చూడగలరు. వంపు అనేది ఫొటోలో అర్థమయ్యే వస్తువు కాదు. కెమెరా కాస్త పైనుంచి తీసినా, పక్కకు జరిగి తీసినా గీత మారిపోతుంది, మడమ మందం అసలే తెలియదు. నజారెత్ దగ్గర జేకబ్స్‌బర్గ్‌లో లాంగ్‌రైఫిల్ మ్యూజియం ఉంది, డోయిల్స్‌టౌన్‌లో మెర్సర్ మ్యూజియం ఉంది. 1737 నాటి వాకింగ్ పర్చేజ్‌లో (మనిషి నడిచినంత మేర భూమి అన్న ఒప్పందంలో) నడిచిన ఎడ్వర్డ్ మార్షల్ రైఫిల్ ఈ రెండోదానిలోనే ఉంది. అది మీరు చేయబోయేదానికన్నా పాతకాలపు, బరువైన తరహాది, అయినా చూడండి. దాని మడమ దళసరితనం చూస్తే 1790ల నాటి పనివాడు ఎంత చెక్క తీసేశాడో తెలుస్తుంది. నజారెత్ పక్కనే ఉన్న క్రిస్టియన్స్ స్ప్రింగ్‌లో మొరేవియన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన పనివాడు క్రిస్టియన్ ఓర్టర్ 1775లో చేసిన రైఫిల్ ఒకటి 1971లో వ్యాలీ ఫోర్జ్ ప్రదర్శనలోంచి దొంగలపాలై, దాదాపు అర్ధశతాబ్దం తర్వాత బయటపడింది. ఫిలడెల్ఫియాలోని అమెరికన్ రెవల్యూషన్ మ్యూజియం దాన్ని ప్రదర్శించింది. చూడటానికి వెళ్లినప్పుడు ఒక పుస్తకం, పెన్సిల్ తీసుకెళ్లి బొమ్మ గీయండి. వంకరగా వచ్చినా ఫరవాలేదు, గీసిన చేయి మరచిపోదు. ఇక రెండోది, మీ 0.45 కాలిబర్ తన్ను తక్కువ, కాబట్టి వాలు ఉన్న మడమను మీ భుజం ఓర్చుకుంటుంది. మూడోది, మెడ పొడవైనవారికి మరీ నిటారు కొయ్యకన్నా కొంత డ్రాప్ ఉన్న కొయ్యే సుఖం.

అలాగని తరహా పేరును చూసి పని మొదలుపెట్టవద్దు. ఆ తరహాలోని ఒకే ఒక్క పాత రైఫిల్‌ను ఎన్నుకోండి. పది రైఫిళ్ల నుంచి పది అందాలు ఏరి కూర్చినది ఏ ఊరిదీ కాని తుపాకీ అవుతుంది. మీ మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. డెయిసీ పువ్వు తల ఉన్న ప్యాచ్‌బాక్స్ లాంకాస్టర్ పనివారి ముద్ర. నెలవంక బట్‌ప్లేటు మీరు ఎంచుకున్న కాలానికి తర్వాతి తరానిది. ఈ రెండింటినీ 1790ల లీహై వంపుకు అతికిస్తే, తెలిసినవాడికి కోనసీమ పెంకుటింటికి రాజస్థాన్ జాలీ కిటికీ పెట్టినట్టు కనబడుతుంది. పైగా నెలవంక ప్లేటు కేవలం అలంకారం కాదు, దాన్ని భుజం గుంటలో కాక పైచేతి మీద ఆనించి పట్టుకోవాలి. భుజం గుంటలో పెట్టుకుంటే కొసలు గుచ్చుకుంటాయి. స్వల్పమైన వంపు ఉన్న ప్లేటునూ, దానితో అచ్చుగా పోతపోసిన అదే తరహా ట్రిగ్గర్‌గార్డునూ జోడీగా కొనండి. ప్లేటు ఎత్తే మీ మడమ ఎత్తు, ట్రిగ్గర్‌గార్డు వంకే మణికట్టు అడుగు వంక. ఈ రెండూ వేర్వేరు చోట్ల నుంచి వస్తే వాటి మధ్య గీత కుదరదు.

ఇప్పుడు మీ మిత్రుడు చెప్పిన డ్రాప్ సంగతి. గొట్టం పైభాగపు గీతను వెనక్కి పొడిగిస్తే, ఆ గీతకూ మడమ పైమూలకూ మధ్య ఉన్న నిలువుదూరమే డ్రాప్. పాత రైఫిళ్లలో అది రెండున్నర నుంచి మూడున్నర అంగుళాల మధ్య తరచు కనబడుతుంది, అంతకన్నా లోతైనవీ ఉన్నాయి. అయితే లోతు అసలుదనానికి కొలత కాదు. మడమ గొట్టం ఇరుసుకన్నా ఎంత కిందికి దిగితే, పేలినప్పుడు మూతి అంత పైకి లేస్తుంది, కోంబ్ అంత చెంపకు తగులుతుంది. వాలిన కోంబ్‌లో ఇంకొక చిక్కు ఉంది. తుపాకీ వెనక్కి జరిగినప్పుడు గట్టు ముందున్న ఎత్తైన భాగం చెంప కిందికి వచ్చి ఎముకను కొడుతుంది. లీహై పనివారు కోంబ్ ముందుమూలను మెత్తగా గుండ్రం చేసి ఈ దెబ్బను తగ్గించుకున్నారు. మీరూ పైఅంచును కత్తిలా సన్నగా చేయకండి. మీ శరీరానికి 3 అంగుళాల దరిదాపు చాలునని నా అంచనా, కానీ అంచనా మీద మేపుల్ కోయవద్దు.

పైన్ పలకలో రెండు గంటల్లో ఒక దొంగ తుపాకీ కోసుకోండి. పేరు దొంగదైనా అది చెప్పేది నిజమే. దానికి గొట్టం అక్కర్లేదు, పైన ఒక తిన్నని బద్ద, దాని మీద చూపు కోసం రెండు చీలలు ఉంటే చాలు. చలికోటు వేసుకుని, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తి, చెంప ఆనించాక కళ్లు తెరవండి. చీలలు వాటంతటవే వరసలో కనబడితే కొలత కుదిరింది. ముందుచీల వెనకదానికి పైన తేలితే కోంబ్ ఎత్తు ఎక్కువైంది. కిందికి మునిగితే తక్కువైంది. చలికోటు మాట ఊరికే అనలేదు. మీ రాష్ట్రంలో క్రిస్మస్ తర్వాత ఫ్లింట్‌లాక్‌లకు మాత్రమే కేటాయించిన జింకల వేటకాలం ఉంది, ఎప్పుడో ఒకప్పుడు మీరు దానికి వెళతారు. పొడవు, అంటే ట్రిగ్గర్ నుంచి బట్‌ప్లేటు గుంట మధ్యకు ఉండే దూరం, మీ ఎత్తుకు మామూలుగా 13 అంగుళాలు, అటూ ఇటుగా. కోటు కోసం పావు అంగుళం తగ్గించుకోండి. పొడవు తక్కువైన తుపాకీని వేసవిలో భరించవచ్చు. పొడవు ఎక్కువైనది చలికాలంలో చంకకు చిక్కుకుంటుంది. పూర్తి పలక చేతిలో ఉంది గనుక మడమను గొట్టం మధ్యగీత నుంచి కుడికి పావు అంగుళం తిప్పుకునే అవకాశమూ మీకుంది (మీరు కుడిచేతివాటమనుకుంటున్నాను). సగం పైగా చెక్కి అమ్మే కొయ్యలు కొన్నవారికి ఈ వెసులుబాటు దాదాపు ఉండదు.

పైన్ నమూనా ఒప్పుకున్నాక నిజప్రమాణంలో కాగితం మీద బొమ్మ గీసి, దాన్ని మేపుల్ పలక మీద పరచండి. ఇక్కడ చివరి మాట చెక్కది. మణికట్టు ఈ తుపాకీలో అతి సన్నని చోటు, లాక్ కోసం, గొట్టం వెనకతోకను బిగించే టాంగ్ మేకు కోసం అక్కడే తొలిచేస్తాం. చెక్క పోగు ఆ మణికట్టు వెంట మడమవైపు దిగాలి. పోగు అడ్డంగా పక్కకు దాటిపోతే, మొదటిసారి నేలమీద పడినప్పుడు తుపాకీ రెండు ముక్కలు. బొమ్మను పలక మీద అటూ ఇటూ జరిపి, అర అంగుళం పైకో కిందికో తిప్పి, పోగు దిగే వాలుకు మణికట్టు వాలు కలిసే చోటు వెతకండి. దొరకకపోతే డ్రాప్‌ను కొంచెం తగ్గించి చూడండి. అప్పుడూ దొరకకపోతే ఆ పలకను బల్లకు వాడుకుని ఇంకొకటి కొనండి. కర్లీ మేపుల్ పులిచారల అందం చూసి మోసపోకూడదు. చారలు మడమ మీద ఎంత అందమో, మణికట్టు దగ్గర మరీ దట్టమైతే అంత బలహీనం.

కోయడానికి ముందు పని వరుసను గుర్తుంచుకోండి, ఎందుకంటే ప్రొఫైల్ ఆ వరుస మీదే నిలబడుతుంది. ముందు బ్యారెల్‌ను కొయ్యలో దించాలి. గొట్టం వెనక మూసే ప్లగ్ ముఖం ఎక్కడుందో దానికి కొంచెం ముందు నిప్పురంధ్రం వస్తుంది. ఆ రంధ్రం లాక్ స్థానాన్ని నిర్ణయిస్తుంది. లాక్ లోపల ట్రిగ్గర్ నెట్టే సియర్ కడ్డీ ట్రిగ్గర్ స్థానాన్ని, ట్రిగ్గర్ మీ 13 అంగుళాల పొడవును, ఆ పొడవు బట్‌ప్లేటు చోటును నిర్ణయిస్తాయి. ఈ గొలుసులో ఏ కడియం కదిలినా చివరన మడమ కదులుతుంది. అందుకే కాగితం మీద ఈ స్థానాలన్నీ గుర్తించేదాకా మడమను తుదిగీత దాకా కోయవద్దు, కింద అర అంగుళం మిగిల్చే కోయండి. లాక్‌ను కూడా బొమ్మ చేతిలో పట్టుకునే కొనండి. మీ కాలానికి చిన్న జర్మన్ తరహా లాక్ గానీ, కాస్త తర్వాతి ఆంగ్ల తరహా లాక్ గానీ సరిపోతుంది. 1770ల నాటి పెద్ద లాక్‌ను మాత్రం వద్దనండి. పెద్ద లాక్‌కు పెద్ద పలకలు, పెద్ద పలకలకు లావు మణికట్టు కావాలి, లీహై సన్నదనమంతా అక్కడే పోతుంది.

చెక్కేటప్పుడు మీలాంటి మంచి వడ్రంగికి ఎదురయ్యే గండం అజాగ్రత్త కాదు, అతిజాగ్రత్త. బీరువా చేసేవాడు గీత మీద ఆగుతాడు, ఇక్కడ గీత దాటాకే తుపాకీ మొదలవుతుంది. ముందుకొయ్యను గొట్టం పక్కల ఎంత పలచన చేయాలో, లాక్ పలకల అంచులు ఎంత సన్నంగా ఉండాలో పాత రైఫిల్‌ను చేతిలో పట్టుకుంటే గాని నమ్మలేరు. అందుకే మ్యూజియంకు పొమ్మన్నాను. దుకాణాల్లో గానీ, ఊళ్లలో జరిగే ప్రదర్శనల్లో గానీ ఎవరైనా పాతదాన్ని చేతికిస్తే కళ్లు మూసుకుని మణికట్టు పట్టుకుని చూడండి. వేళ్లకు తెలిసేది కంటికి తెలియదు. సాయంత్రం దీపాన్ని ఒక పక్కన మాత్రమే వెలిగించి, కొయ్యను మెల్లగా తిప్పుతూ చూస్తే వంపులోని గడ్డలు నీడలుగా బయటపడతాయి. వాటిని ఆకురాయితో గాక, వంపు వెంట పొడవుగా లాగే స్క్రేపర్‌తో తీయండి.

చట్టం గురించి రెండు మాటలు అడగకపోయినా చెప్పాలి. మూతివైపు నుంచి మందు కూరే పాత తరహా తుపాకులను అమెరికా కేంద్ర చట్టం మామూలు ఆయుధాలతో కలపదు గానీ రాష్ట్రాల నియమాలు వేర్వేరు. వేటకు వెళ్లే ముందు మీ రాష్ట్ర వేటశాఖ ఆ ఏటి నియమాలను చూసుకోండి. ఆంధ్ర, తెలంగాణలలో ఉండి ఈ జవాబు చదివేవారు మాత్రం, మన నాటు తుపాకీలాగే దీనికీ లైసెన్సు తప్పనిసరి అని మరువకండి.

పలక మీద కాగితపు బొమ్మ పరిచాక, పోగు కనబడేలా పక్కనుంచి ఒకటి, మణికట్టు దగ్గర పైనుంచి ఒకటి ఫొటోలు తీసి పంపండి. రంపం పెట్టేముందు చూసి చెబుతాను.